పేరుబియ్యం

మెట్ట ఎక్కిన 38వ ఏడు, 196వ రోజు

ఏడో మడి. నీళ్ళు నాలుగు వేళ్ళ లోతు. నీళ్ళ రంగు పల్చటి టీ.

రంగు దగ్గర కలం ఆగింది. నిన్నటిదాకా "తేట" అని రాసిన గడి అది. మిగతా ముప్ఫై మళ్ళూ తిరిగి వచ్చి ఏడోదాన్ని మళ్ళీ చూశాను. అదే రంగు. పైన నూనె తెట్టులాంటి పొర కూడా తేలుతోంది. పుల్లతో కదిపితే పెంకులు పెంకులుగా విరిగింది. నూనె అయితే మళ్ళీ కలిసిపోవాలి. విరిగిందంటే అది ఇనుము.

ఈ పుస్తకంలో కొలతలు తప్ప సొంత కబుర్లు రాయకూడదని పదహారేళ్ళ కిందట నియమం పెట్టింది నేనే. నా పేరు నూకరత్నం. ఎర్రమెట్టలో మట్టి చూసే మనిషిని. వయసు యాభై మూడు, నియమాలు పెట్టడం నాకు సరదా. ఏడో మడి విషయంలో మాత్రం నా నియమాలేవీ నిలబడవు. అది హైమ మడి. హైమ నా కూతురు. పంతొమ్మిదేళ్ళకు జ్వరమొచ్చి పోయింది. నాలుగేళ్ళయింది.

నీళ్ళకు రంగు దిగిందంటే మట్టి తను పట్టుకున్నదాన్ని వదిలేస్తోందన్న మాట. కుళ్ళిన ఆకూ, చచ్చిన వేరూ, పాత గడ్డీ, వీటన్నిటినీ ఎర్రమట్టిలోని ఇనుము ఏళ్ళ తరబడి అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ రాళ్ళ మెట్ట మెత్తబడి గింజ పెట్టే నేల అయింది అందుకే. బోరు నీళ్ళలో వచ్చే పాషాణమనే విషాన్ని పట్టుకునేదీ ఆ ఇనుమే. కింది ఊళ్ళను సముద్రం మింగేశాక పైకెక్కిన మా పెద్దవాళ్ళకు దొరికింది ఆ బోరు ఒక్కటే. తాగే నీళ్ళు తుప్పు ఇసుక తొట్టెలో వడకట్టుకుంటాం. మళ్ళకు పారే నీళ్ళను మట్టే వడకడుతుంది. నీళ్ళు నిలబెట్టి వరే పండించాలని మావాళ్ళ పంతం. నీళ్ళు నిలబెట్టక్కర్లేని చోళ్ళు, అదే రాగులు, వేసుకుంటే ఏం పోయిందని చిన్నప్పుడే అడిగి తిట్లు తిన్నాను.

సాయంత్రం ఖాళీ డబ్బా పట్టుకుని పైడితల్లి వచ్చింది. హైమకు చిన్నప్పటి నేస్తం. ఇప్పుడు ఏడో నెల. మా మెట్టలో ఎవరైనా పోతే ఎండను ఒక్కచోటికి మళ్ళించే అద్దాల కొలిమిలో కాల్చి, ఎముకలు పొడి చేసి, ఒక మడిలో కలుపుతాం. ఆ మడికి వాళ్ళ పేరే పెడతాం. కడుపుతో ఉన్న ఆడది నెలలు నిండేదాకా ఆ మడి బియ్యమే తింటే, పుట్టే బిడ్డకు ఆ పేరు పెట్టుకునే హక్కు వస్తుంది. అదే పేరుబియ్యం. పైడి మొదటి నెల నుంచీ హైమ బియ్యమే తింటోంది.

"పిన్నీ, డబ్బా నిండా పొయ్యి. నోపల నుంచి ఒకటే తంతన్నాది గుంట."

"గుంట అని నీకెలా తెలుసే?"

"హైమ గదా మరి. గుంటడెలాగవుతాడు?"

నవ్వొచ్చింది. డబ్బా నిండా పోసి, పైన ఇంకో దోసెడు పోశాను.

203వ రోజు

ఏడో మడి వెన్ను వేసి ఇరవై రోజులు దాటింది. పక్క మళ్ళలో వెన్నులు పాలు తాగి బరువెక్కి వంగుతున్నాయి. హైమ మడిలో ఒక్కటీ వంగలేదు. అన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి, పచ్చగా.

సిగ్గుపడుతూనే రాస్తున్నాను, మురిసిపోయాను. హైమ కూడా అంతే. తప్పు చేసినా తల వంచేది కాదు. ఒకసారి తొట్టెలో తుప్పు ఇసుక మార్చడం మర్చిపోయి, నేను తిడుతుంటే నా కళ్ళలోకి చూస్తూ నిలబడింది. "అయితే ఏటి, ఇప్పుడు మారుత్తాను గదా" అంది. కూతురు మడి రూపంలో కూడా నాకు ఎదురు చెబుతోందని గట్టు మీద కూర్చుని నవ్వుకున్నాను. తర్వాత ఒక గింజ తెంపి గోళ్ళ మధ్య నొక్కాను. లోపల పాలు లేవు. ఇంకోటి నొక్కాను. పది నొక్కాను. అంతా పొట్టు.

204వ రోజు

ఏడో మడి బురద నీళ్ళు. చీటీ పరీక్ష.

సీసాలో నీళ్ళు పోసి, మందు కలిపి, మూత కింద తెల్ల చీటీ బిగించి పావుగంట ఆగాలి. చీటీ తెల్లగా ఉంటే పాషాణం లేదు. లేత పసుపు దాకా పర్వాలేదు. మా తొట్టె నీళ్ళకు ఎప్పుడూ తెలుపే. నిండు గోధుమ రంగు నేను ఉద్యోగంలో చేరాక ఒక్క బోరు నీళ్ళకే చూశాను.

ఇవాళ చీటీ గోధుమ రంగుకు వచ్చింది. సీసా కడిగి మళ్ళీ చేశాను. మూడుసార్లు చేశాను. మూడో చీటీ బోరు నీళ్ళ చీటీ కంటే ముదురుగా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ నేల దాచుకున్నదంతా ఇప్పుడు నీళ్ళలోకి వదిలేస్తోంది.

ఎందుకు వదిలిందో నాకు తెలుసు. పదహారేళ్ళ కిందట నేనే చెప్పాను, చితి బూడిదను గాలికి వదలొద్దు, మడిలో వెయ్యండి, ఎముకల్లో భాస్వరం ఉంటుంది, గింజ బరువెక్కుతుందని. కొలిచి చూపించాను కూడా. గింజ బరువెక్కింది. మడికి పోయినవాళ్ళ పేరు పెట్టడం, పేరుబియ్యం తినడం, అవన్నీ జనం తమంతట తాము అల్లుకున్నారు. భాస్వరానికీ పాషాణానికీ పోలిక ఎక్కువ. ఇనుము దగ్గర రెండూ కూర్చునేది ఒకే చోట. చోట్లు ఖాళీగా ఉన్నన్నాళ్ళూ గొడవ లేదు. నిండాక, భాస్వరం వచ్చి కూర్చుంటే పాషాణం లేవాలి. లేచి నీళ్ళలోకి, వేరులోకి, గింజలోకి పోతుంది. ఇది నేను చదువుకున్న విషయమే. ఒక మనిషి బూడిద ఎంతలే, చోట్లు నిండడానికి నూరేళ్ళు పడుతుందని లెక్క వేసుకున్నాను.

ఒక మనిషి బూడిదకైతే ఆ లెక్క సరిపోయేది. హైమ మడి మెట్ట అంతట్లోకీ బాగా పండాలని నాలుగేళ్ళుగా ఏడాదికి మూడు తట్టల మేకెముకల పొడి ఎవరికీ చెప్పకుండా తెచ్చి వేశాను. మా అమ్మాయి మడిలో ఎకరానికింత అని ఎవరైనా మెచ్చుకుంటే కడుపు నిండిపోయేది. ఆ ముచ్చట కోసం వేశాను. వేరే కారణం లేదు.

213వ రోజు

తొమ్మిది రోజులు ఏమీ రాయలేదు. అన్ని మళ్ళూ పరీక్షించి చెబుదామని అనుకున్నానని రాసుకోవచ్చు. నిజంగానే పరీక్షించాను. పదకొండు మళ్ళలో చీటీ నిండు పసుపుకు తిరిగింది. పాత మళ్ళు, ఒకే మడిలో ఇద్దరు ముగ్గుర్ని కలిపినవి. కానీ ఆగింది అందుకు కాదు. ఏడో మడిలో తప్పుందని నోటితో అంటే హైమను అన్నట్టు ఉంటుందని ఆగాను.

ఇవాళ గాదె తీసి నిరుడు పండిన హైమ బియ్యం పిడికెడు ఉడకబెట్టి ఆ నీళ్ళకు చీటీ కట్టాను. ఆ పని మొదటి రోజే చెయ్యాల్సింది. గోధుమ రంగు. పొడి చేసి మళ్ళీ చేశాను. గోధుమ రంగే.

పైడి ఇంటికి వెళ్ళేసరికి అది పొయ్యి దగ్గర కూర్చుని గంజి వారుస్తోంది.

"దించీ" అన్నాను. "ఆ అన్నం తినకు. పారబొయ్యి."

"అదేటి పిన్నీ? హైమ బియ్యమే."

"అందుకే పారబొయ్యమన్నాను. అందులో పాషాణం ఉంది."

అది నమ్మలేదు. నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపింది. అరచేతులు చూపించమన్నాను. బొటనవేళ్ళ కింద చర్మం గట్టిపడి చిన్న చిన్న కాయలు కాచి ఉంది. పారపట్టి కాచాయనుకున్నానంది. ఆరు నెలలుగా దానిచేత ఎవరూ పార పట్టించలేదు.

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

అబద్ధం ఆడొచ్చు. ఆడలేకపోయాను. "తొమ్మిది రోజులయ్యింది. గింజల్లో ఉన్నాదని ఇవాళే తెలిసినాది. అనుమానం తొమ్మిది రోజుల నాటిది."

"తొమ్మిది రోజులు నేను తింతన్నాను" అంది. తర్వాత కడుపు మీద చెయ్యి వేసుకుని, "మేము తింతన్నాం" అని దిద్దుకుంది.

215వ రోజు

అద్దాల కొలిమి దగ్గర అందరినీ పిలిచి చెప్పాను. రెండు వందల మంది వచ్చారు. ఇనుము, భాస్వరం అంటే సగం మంది మొహాలు అటు తిప్పుకున్నారు. అందుకని పెళ్ళి పంక్తి గురించి చెప్పాను.

"విస్తళ్ళు ఇరవయ్యే ఏసినాం. ఇరవై మందీ కూకున్నారు, అందులో ఒకడు దొంగ. కూకున్నంతసేపూ ఆడు ఏటీ సెయ్యడు, తింటాడు. ఇంకొకడొచ్చి ఆ దొంగని లేపి కూకున్నాడనుకోండి, దొంగ ఊళ్ళోకి ఎల్తాడు. మనం ఏసిన ఎముకలపొడి అలా లేపుతున్నాది. నీళ్ళు నిలబెట్టీసరికి విస్తళ్ళే చిరిగిపోతన్నాయి. పన్నెండు మళ్ళ మీద జానెడు మట్టి ఎత్తీయాలి. ఎత్తి, తుప్పు ఇసుక పరిచిన రాతి గోతిలో పోసి మూసీయాలి. ఆ మట్టిలో ఇంకేటీ పండించకూడదు. ఇకనించి ఏ బూడిదా మడిలో ఎయ్యకూడదు."

దాలినాయుడు లేచాడు. మెట్ట పెద్ద, నాకు వరసకు బావ. ఆయన భార్య మూడో మడిలో ఉంది.

"రత్నం, నా ఆడదాన్ని తట్టలోకెత్తి గోతిలో పారెయ్యమంటన్నావా?"

"మట్టిని ఎత్తమంటన్నాను బావా."

"ఆ మట్టే గదా అది! నువ్వే సెప్పినావు గదా ఆవేళ, మట్టిలో కలిసిపోద్ది, గింజలోకొత్తాది, మన ఒంట్లోకొత్తాది అని. నేను నమ్మినాను. పదకొండేళ్ళు ఆ అన్నమే తిన్నాను. ఇప్పుడొచ్చి ఇసం అంటన్నావు."

ఎవరూ ఆయన్ని కూర్చోమనలేదు. మేకెముకల పొడి సంగతి అప్పుడు చెప్పాను, అందరి ముందూ. ఏడో మడి ముందుగా ఎందుకు చెడిందో, ఎవరివల్ల చెడిందో చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఎవరూ పార ఎత్తలేదు.

219 నుంచి 222వ రోజు దాకా

ఏడో మడి నీళ్ళు తీసేసి రెండు రోజులు ఎండగట్టాను. మట్టి మళ్ళీ ఎర్రబడింది. గాలి తగిలితే ఇనుము గట్టిపడి కొంత పాషాణాన్ని తిరిగి పట్టుకుంటుంది. అలా వదిలేస్తే చాలదా అని ఆశ పుట్టింది. మళ్ళీ నీళ్ళు పెట్టిన రోజు మళ్ళీ వదిలేస్తుంది. పార తీశాను.

తట్టకు ముప్ఫై కిలోలు. ఒక్కదాన్నే మోశాను. మొదటి తట్ట ఎత్తినప్పుడు దీంట్లో ఉందా అనుకున్నాను. రెండోదానికీ అదే అనుకున్నాను. అన్నిట్లోనూ కొంచెం కొంచెం ఉండి ఉంటుంది. పదో తట్ట తర్వాత ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే మోశాను, ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోలేదు. హైమను కొలిమికి పంపినప్పుడు ఇంత ఏడవలేదు. అప్పుడు మడి ఉందిగా, రోజూ వెళ్ళి పలకరించొచ్చుగా అనుకున్నాను.

మూడో రోజు దాలినాయుడు బావ గట్టు మీదికి వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. చివరికి దిగి వచ్చి తట్టకు రెండో వైపు పట్టుకున్నాడు. సాయంత్రం దాకా ఇద్దరం మోశాం. వెళ్ళేటప్పుడు, "మూడోది నేనే ఎత్తుకుంటాను, ఇంకెవులూ ముట్టకండి" అన్నాడు.

238వ రోజు

మధ్యాహ్నం పైడితల్లికి నొప్పులు వచ్చాయి. ఇంకా నెల రోజుల గడువుంది. మంత్రసానితో పాటు నేనూ వెళ్ళాను. ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఒళ్ళంతా సరిగ్గానే ఉంది, గోళ్ళు కూడా వచ్చాయి. మంత్రసాని బిడ్డను కాళ్ళు పట్టి తిప్పింది, వీపు మీద చరిచింది, నోట్లోకి గాలి ఊదింది. తర్వాత గుడ్డలో చుట్టి పైడి పక్కన పెట్టింది.

పైడి మొగుడు గవరయ్య కొలిమి అద్దాలు తిప్పే పని చేస్తాడు. వాకిట్లో కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

పైడి బిడ్డ మొహం చూస్తూ అడిగింది, నా వైపు తిరగలేదు.

"పిన్నీ, హైమ సంపిందా దీన్ని?"

"కాదు."

"మరెవులు?"

పాషాణం వల్లే అని ఏ కొలతా చెప్పజాలదు. చెప్పగల కొలత నా దగ్గర లేదు. నెలలు నిండని బిడ్డలు విషం తినని కడుపుల్లోనూ పోతారు. ఇదంతా సరైన జవాబే, నా ఉద్యోగం ఒప్పుకునే జవాబు. దాని ముందు ఆ మాటలు అనడానికి నాకు నోరు రాలేదు.

"నాను" అన్నాను. "పొడి ఏసింది నాను. తెలిసీ తొమ్మిది రోజులు ఊరుకున్నదీ నానే."

అది బిడ్డ చుట్టూ గుడ్డ సర్దుకుంది. "పో పిన్నీ, నువ్విక్కడుండకు" అంది. వచ్చేశాను.

240వ రోజు

నిన్న మిట్టమధ్యాహ్నం గవరయ్య అద్దాలు తిప్పాడు. ఇంకొకరు తిప్పుతామంటే ఒప్పుకోలేదు. పది నిమిషాలు కూడా పట్టలేదట.

ఈ పూట పైడి నా గదికి వచ్చింది. చేతిలో చిన్న మట్టి ముంత ఉంది. గుమ్మం బయటే నిలబడింది.

"కొలువు" అంది.

తక్కెట్లో పోశాను. అరవై రెండు గ్రాములు. బూడిద మెత్తగా ఉంది, ఎముక అని తెలిసేది ఎక్కడా లేదు.

"ఇది మడిలో ఏత్తే ఏటైనా అవుద్దా? నిజం సెప్పు పిన్నీ. సదువుకున్నదానివి గదా."

అది రాకముందే ఎవరో వచ్చి చెప్పారు, పైడి ముంత పట్టుకుని వస్తోందని. ఏం చెప్పాలో ముందే అనుకుని కూర్చున్నాను. అవుతుంది, చాలా అవుతుంది, వద్దు అని చెప్పాలనుకున్నాను. మూడో మడిలో సగం బావ తవ్వాడు, మిగిలినవాళ్ళు ఇప్పుడిప్పుడే కదులుతున్నారు. ఈ ఒక్కదానికి సరే అంటే రేపు ముప్ఫై ఇళ్ళవాళ్ళు ముంతలతో వస్తారు.

"ఏటీ అవదు" అన్నాను. "ఈ కూసింత బూడిద మడికి తెలీను కూడా తెలీదు."

"అయితే ఎయ్యొచ్చు?"

అది నన్ను చూసింది. వెనక్కి తిరిగి మళ్ళ వైపు చూసింది. అక్కడ దాలినాయుడు బావ వంగి తట్ట నింపుకుంటున్నాడు, డెబ్బై ఏళ్ళ మనిషి. నేను అనలేనిది దానికి అర్థమైంది. అర్థమైనందుకు దాని మీద నాకు జాలీ, నా మీద నాకు అసహ్యమూ వేశాయి.

"హైమని ఎక్కడెట్టినావు?" అని అడిగింది.

తీసుకెళ్ళి, ఏడో మడి మట్టి ఒక్కటే పోసిన గొయ్యి చూపించాను. మెట్టకు పడమటి పక్కన, రాతి గోడలు, అడుగున తుప్పు ఇసుక, పైన ఇనుప రేకు మూత. దాని మీద నిన్ననే రాళ్ళు పెట్టాను. ఇక తెరవకూడదని పక్కన బోర్డు కూడా రాసి పాతాను.

పైడి బోర్డు చదివింది. రాళ్ళు ఒక్కొక్కటే పక్కకు పెట్టడం మొదలుపెట్టింది. పచ్చి బాలింతవి, వద్దని దాని చేతులు పట్టుకుని, నేను తీశాను. ఇద్దరం కలిసి రేకు లాగాం. లోపల మట్టి ఎండి, ఎర్రగా, పెళ్ళలు పెళ్ళలుగా ఉంది. అందులో ఎక్కడా ఒక్క గడ్డిపోచ కూడా లేదు.

పైడి మోకాళ్ళ మీద కూర్చుని ముంత లోపలికి వంచింది.

"హైమా, దీన్నట్టుకో" అంది. "నీ పేరే ఎట్టినాను."

నేను గట్టిగా ఏడ్చాను. అది ఏడవలేదు. ముంతలో మిగిలింది వేలితో తుడిచి అది కూడా లోపలికి రాల్చింది. తర్వాత లేచి రేకు ఒక కొస పట్టుకుంది. నేను లాగేస్తాను, నువ్వు వదిలెయ్యమన్నాను. అది వదల్లేదు.

"బరువున్నాది పిన్నీ. అటు పక్క నువ్వట్టుకో" అంది. ఇద్దరం పట్టుకుని మూశాం.